మా వంశపు వేలు

మా ముత్తాత తండ్రి పెన్న ఒడ్డున నీలిమందు తొట్లు కట్టించిన మనిషి. మా ముత్తాత మూడు ఊళ్లకు మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు, లేవలేని ముసలివాళ్లు కనీసం దగ్గు ఆపేవాళ్లు. మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, తాలూకా బోర్డు మెంబరు. కడపలో కలెక్టరు ఎదుట కుర్చీ వేయించుకుని కూర్చున్నాడని చెప్పేవారు. మా నాయన జమ్మలమడుగులో టూరింగ్ టాకీసు పెట్టాడు. పౌరాణికాలు తప్ప వేయనన్నాడు. జనం గుడారం బయటే నిలబడి, పాటలు విని, దండం పెట్టుకుని టికెట్టు కొనకుండా ఇంటికి పోయారు. నేను ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపానికి మేనేజరును. వరుస ఇది. మెట్లు ఎక్కడమా దిగడమా అని అడిగేవాళ్లతో నేను మాట్లాడను.

ఇంత పోయినా మాకు ఒకటి మిగిలింది. జమ్మలమడుగు దగ్గర మా సొంత ఊళ్లో జరిగే గంగమ్మ జాతరలో మొదటి తాంబూలం మా ఇంటిది. పూజారి తమలపాకులు పరిచి, వాటి మీద అమ్మవారి ముందు కొట్టిన టెంకాయ చిప్ప పెట్టి, పసుపు కొమ్ము వేసి, మా ఇంటి పెద్దకొడుకు కుడి అరచేతిలో ఉంచుతాడు. ఆ చేయి బల్లలాగా పరిచి ఉండాలి. ఒక్క వేలు వంగకూడదు. వంచిన అరచేయి అడుక్కునేవాడి అరచేయి. మా ఇంటివాళ్లు అమ్మవారిని కూడా అడుక్కోరు, ఆమె ఇస్తే పుచ్చుకుంటారు. ఇది నియమం. చేయి పరచలేనివాడు పక్కకు జరగాలి. తాంబూలం తరువాతి ఇంటికి పోతుంది, మళ్లీ తిరిగి రాదు. తరువాతి ఇల్లంటే మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు. అతని గురించి ఇక్కడ ఒక మంచిమాట రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. కాఫీ చల్లారింది.

తాంబూలం కాక మా ఇంట్లో ఒక ఫోటో కూడా ఉంది. జేజినాయన కడపలో తీయించుకున్నది. తలపాగా, నల్లకోటు, పక్కన గుండ్రటి బల్ల మీద కాగితం పూలు. కుడిచేయి మోకాలి మీద ఉంది. అందులో మూడు వేళ్లు చక్కగా చాపి, ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం లోపలికి మడిచి పెట్టాడు. మా ఇంట్లో దాన్ని పెద్దరికపు చేయి అనేవాళ్లం. మా నాయన నాకు అక్షరాలు నేర్పకముందే ఆ చేయి నేర్పాడు. ఫోటోకు కూర్చుంటే చాలు, "రెండు వేళ్లు మడువు" అనేవాడు. నా బడి ఫోటోలో, కాలేజీ ఫోటోలో, పెళ్లి ఫోటోలో రెండు వేళ్లు మడిచే ఉంటాయి. నా పెళ్లిలో పెద్ద గొడవే అయింది. గ్రూపు ఫోటోకు కూర్చున్నప్పుడు మా చిన్నాయన కూడా వేళ్లు మడిచాడు. మా నాయన ఫోటోగ్రాఫరును ఆపి, "రేయ్, అది పెద్దకొడుకు చేయి. నీ వేళ్లు చాపు" అన్నాడు. చిన్నాయన చాపలేదు. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అన్నదమ్ములిద్దరూ ఎవరినో గుద్దడానికి సగం సిద్ధమైనట్టు కూర్చున్నారు. మధ్యలో పెళ్లికూతురు, అంటే నా భార్య, ఏ ఇంటికి వచ్చిపడ్డానా అన్నట్టు కెమెరా వైపు చూస్తోంది.

నాకు యాభై దాటాక కుడి అరచేతిలో, ఉంగరపు వేలి మొదట్లో, శెనగగింజంత గడ్డ వచ్చింది. నొప్పి లేదు. నా భార్యకు చూపించాను.

"కాయ కాసింది" అంది.

"కాయా? నాకా?"

"అదే నేనూ అనుకుంటాండా. ఏం పని చేసినావని కాసిందబ్బా?"

తరువాత ఆ గడ్డ నుంచి చర్మం కింద ఒక తాడులాంటిది మొలిచి వేలి వైపు పాకింది. చిటికెన వేలికి ఇంకొకటి వెళ్లింది. మెల్లమెల్లగా, నెలలు గడిచేకొద్దీ, ఆ రెండు వేళ్లూ లోపలికి వంగడం మొదలుపెట్టాయి. ఎవరికైనా భయం వేయాలి. నాకు వేయలేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్లు ఫోటో కోసం కష్టపడి మడిచిన వేళ్లు ఇప్పుడు వాటంతట అవే మడుచుకుంటున్నాయి. నిద్రలో కూడా. పెద్దరికం చివరికి నా ఒంటికి పట్టిందనుకున్నాను. మండపంలో పెళ్లివాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ చేయి కనబడేలాగా బల్ల మీద పెట్టుకునేవాణ్ణి.

పెద్దరికంతో ఇబ్బందులు కూడా ఉంటాయని తరువాత తెలిసింది. మొహం కడుక్కుంటుంటే వంగిన చిటికెన వేలు కంట్లో పొడిచేది. ప్యాంటు జేబులోకి చేయి పోయేది, బయటికి వచ్చేది కాదు. సంగటి తింటుంటే ముద్ద సగం నోట్లోకి, సగం మడిచిన వేళ్ల వెనక్కి పోయేది; కడుక్కోవడానికి వెళ్లి చూస్తే అక్కడ ఇంకో పూట తిండి ఉండేది. అన్నిటికంటే ఘోరం నమస్కారం. మండపానికి వచ్చే పెద్దమనుషులకు నమస్కారం పెట్టడం నా ఉద్యోగం. ఎడమచేయి తిన్నగా, కుడిచేయి కొక్కెంలాగా కలిసేవి. ఒకసారి పెళ్లికొడుకు మేనమామ, పులివెందుల మనిషి, నన్ను ఎగాదిగా చూసి, "ఏందప్పా, దండం పెడ్తాండావా, పిట్టను పట్టుకోనుండావా?" అన్నాడు.

జాతర దగ్గరపడింది. ఒక పొద్దున నా భార్య వంటింటి బల్ల మీద నా చేయి పరచమంది. పరిచాను అనుకున్నాను. ఆమె చపాతీ కర్ర తీసి నా అరచేతి కింద ఒకవైపు నుంచి దొర్లించింది. అది రెండోవైపు నుంచి బయటికి వచ్చింది.

"తాంబూలం ఎట్ల తీసుకుంటావు?" అంది.

అప్పుడు నాకు భయం వేసింది. తమ్ముడు తెల్లపంచె కట్టుకుని, తాటిమట్ట అంత తిన్నగా చేయి చాపి, పూజారి ఎదుట నిలబడినట్టు కళ్లముందు కనబడింది.

ప్రొద్దుటూరులో ఒక ఎముకల ఆసుపత్రికి ఆదివారాలు చేతుల సర్జన్ ఒకడు వచ్చేవాడు. గుంటూరు వైపు మనిషి, కుర్రవాడు, ప్రతి మాటకూ చివర "అండి" తగిలించేవాడు. నా అరచేతిని గచ్చకాయలాగా అటూ ఇటూ తిప్పి చూసి మొహం వెలిగిపోయి, పక్కగదిలోని ఇంకో డాక్టరును పిలుచుకొచ్చాడు. నన్ను చూసి ఒక మనిషి అంత సంతోషపడి చాలా కాలమైంది.

"చర్మం కింద పల్చటి పొర ఉంటుందండి. అది గట్టిపడి తాళ్లలాగా ముడుచుకుపోయింది. ఆ తాళ్లే వేళ్లను లాగుతున్నాయి. షుగర్ ఉందాండి?"

"లేదు."

"మందు అలవాటు?"

"మా ఇంట్లో సారాయి కాంట్రాక్టు చేసినవాళ్లున్నారు. తాగినవాళ్లున్నారు. నేను రెండూ కాదు."

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వేళ్లు వంగాయాండి?"

లేదని చెప్పబోయాను. నా భార్య అప్పటికే ఫోను తీసి జేజినాయన ఫోటో చూపిస్తోంది. డాక్టరు ఆ మోకాలి మీది చేతిని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"అబ్బ! ఎంత చక్కగా ఉందండి. ఇదే జబ్బు."

"అది పెద్దరికం" అన్నాను.

"కాదండి. జబ్బేనండి. ఆయన ఆ వేళ్లు చాపలేకపోయుంటారు."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాయన వేళ్లు, చిన్నాయన వేళ్లు, నా బడి ఫోటో, పెళ్లిలో జరిగిన గొడవ, అన్నీ ఆమె కళ్లముందు తిరుగుతున్నాయని నాకు తెలుసు. రెండు తరాల మగవాళ్లం ఒక ముసలాయన రోగాన్ని పోజుగా పెట్టుకుని ఫోటోలు దిగాం. ఆసుపత్రి బయట ఆటో ఎక్కేదాకా ఆమె నవ్వు ఆపుకుంది. ఎక్కాక ఆపుకోలేదు. ఆటో అతను భయపడి, "అమ్మకు బాగలేదా సార్?" అని అడిగాడు.

ఆ జబ్బుకు ఎవరో ఫ్రెంచి వైద్యుడి పేరు పెట్టారట. అనుభవించింది మా జేజినాయన, పేరు ఆ ఫ్రెంచివాడిది. ఇది కూడా మాకు అలవాటే.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. సూదితో ఆ తాళ్లను లోపలే తెంపేయవచ్చు. కొద్దిరోజుల్లో చేయి వాడుకోవచ్చు, కానీ తిరిగి త్వరగా వచ్చే అవకాశం ఎక్కువ. లేదా అరచేయి కోసి ఆ పొరను తీసేయవచ్చు. అది ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ కోలుకోవడానికి నెలలు పడుతుంది.

"నా మాట వింటే రెండోది మేలండి."

"జాతర ఈ నెలలోనే."

"జాతర వచ్చే ఏడు కూడా వస్తుంది కదండీ?"

"తాంబూలం రాదు" అన్నాను. గుంటూరు మనిషికి అంతకంటే ఎలా చెప్పాలి?

సూదితో పొడిచి, వేలు పట్టుకుని వెనక్కి లాగాడు. పచ్చి కందికట్టె విరిగినట్టు లోపల టప్పుమంది. మత్తు ఇచ్చాడు కాబట్టి నొప్పి తెలియలేదు, చప్పుడు తెలిసింది. మా వంశపు పెద్దరికం తెగిన చప్పుడు అది. పెద్దగా లేదు.

జాతరలో నా చేయి బల్లలాగా పరుచుకుంది. చిన్న కట్టు ఉంది, అంతే. తమ్ముడు నాకు రెండడుగుల వెనుక నిలబడ్డాడు. నేను వేళ్లతో పడుతున్న తంటా అతనికి ఎవరో చేరవేశారు. గంజి పెట్టిన పంచె కట్టుకుని, కుడిచేయి శుభ్రంగా కడుక్కుని, పసుపు కూడా రాసుకుని వచ్చాడు. పూజారి చిప్ప నా చేతిలో పెట్టగానే ఆ పసుపు చేయి మెల్లగా జేబులోకి పోయింది. ఆ ఏడు నాకు జాతరలో పొట్టేలు కూర కంటే అదే రుచిగా ఉంది.

ప్రసాదం తీసుకుని పులివెందులలో ఉన్న మా మేనత్త దగ్గరికి వెళ్లాను. కూతురి ఇంట్లో ఉంటుంది. ఎనభై దాటింది; చెవులు సగం పోయాయి, నోరు మొత్తం ఉంది. చేతికి ఏమైందని అడిగితే అంతా చెప్పాను. చెప్పకూడనిది కూడా చెప్పాను: ఈ జబ్బు ఎక్కువగా ఐరోపాలో ఉత్తరం వైపు తెల్లవాళ్లకు వస్తుందని డాక్టరు అన్నాడని, "మీ పూర్వీకుల్లో ఎవరైనా" అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేశాడని.

అత్త తమలపాకు నమలడం ఆపింది.

"రేయ్ నాయనా, నీలిమందు కొనేదానికి తెల్లోడు ఒకడు మన తోటలో గుడారం ఏసుకోని శానా దినాలు ఉన్న్యాడంట. మా అవ్వ చెప్తాండె."

"అత్తా!"

"ఏంది అత్తా? నేనేమంటి? గుడారం ఏసుకోని ఉన్న్యాడంటి. మజ్జిగ మన ఇంటి నుంచే పోతాండెనంట."

"ఈ జబ్బు మనవాళ్లకూ వస్తుందని డాక్టరు చెప్పాడు. తక్కువ, అంతే."

"వస్తదిలే. రాకుండా ఎట్ల ఉంటది? మజ్జిగ అందరూ తాగుతారు." తరువాత నా చేయి పట్టుకుని కట్టు తడిమింది. "నీ తమ్మునికి వచ్చిందా ఇది?"

"లేదు. వాడి వేళ్లు బాగానే ఉన్నాయి."

"అట్లయితే నువ్వే అసలు వారసునివి. యాడి వారసునివో మాత్రం నన్ను అడగొద్దు."

ఇంటికి వస్తూ బస్సులో ఆలోచించాను. అత్త మాటలో మొదటి సగం నాకు నచ్చింది. జేజినాయన చేయి వచ్చింది నాకే. తమ్ముడి వేళ్లు చక్కగా ఉండడమే వాడి తక్కువతనం. ఆ వాదన పైకి అనలేను. అంటే గుడారం దగ్గరికి పోతుంది. లోపల దాచుకున్నాను.

డాక్టరు చెప్పినట్టే జరిగింది. మా బీడులో కంపచెట్లు కొట్టిస్తే వాన పడగానే మళ్లీ లేచినట్టు, ఒకటి రెండు జాతరలు గడవగానే తాడు మళ్లీ చేతికి తగిలింది. ముందు ఉంగరపు వేలు, తరువాత చిటికెన వేలు. ఈసారి చపాతీ కర్ర దాకా ఆగలేదు. జాతర ముగిసిన వారమే వెళ్లాను. ఏడాదంతా చేతిలో ఉంది కాబట్టి కోయమన్నాను.

అరచేతి నుంచి చిటికెన వేలి దాకా గండికోట కనుమ దారిలాగా వంకరటింకరగా కోసి పొర తీసేశాడు. కుట్లు తీశాక వేళ్లు చాపి ఉంచడానికి గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి చేయించి ఇచ్చాడు. పడుకునేటప్పుడు కట్టుకుంటే చాలన్నాడు, పగలు వేళ్లు ముడిచి చాపుతూ ఉండమన్నాడు. తాంబూలం సంగతి ఆయనకేం తెలుసు? నేను పగలు కూడా కట్టుకున్నాను. మండపంలో ఆ చేయి ఎత్తి ట్రాఫిక్ పోలీసులాగా నిలబడితే ఊరేగింపులు ఆగిపోయేవి. ఒకసారి పెళ్లికొడుకు గుర్రం దిగాడు, బ్యాండువాళ్లు వాయించడం ఆపారు, "ఏమైంది సార్, ముహూర్తం దాటిందా?" అని అడిగారు. మండపం యజమాని వచ్చి, "అన్నా, నువ్వు కొన్నాళ్లు స్టోర్ రూములో కూర్చో" అన్నాడు. అక్కడ గంగాళాల మధ్య కూర్చుని మా వంశం వేళ్లను తిన్నగా ఉంచాను.

పలక అంతసేపు కట్టుకోవడంతో వేళ్లు చాపి ఉన్నాయి, ముడుచుకోవడం మరిచిపోయాయి. పిడికిలి పట్టలేకపోయాను. బకెట్టు ఎత్తలేను, తాళం తిప్పలేను. డాక్టరు అరిచాడు, "అండి" లేకుండా అరిచాడు. పగలు పలక తీయించి, వేడినీళ్లలో చేయి పెట్టి గుడ్డ పిండే పని చెప్పాడు. నా భార్య దానికి ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ వాడుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లకు నా చేత బట్టలు ఉతికించింది, అదీ వైద్యం పేరు మీద. పక్కింటావిడ గోడ మీది నుంచి చూస్తుంటే, "డాక్టరు చెప్పినాడు" అని నేను గట్టిగా చెప్పేవాణ్ణి. "దుప్పట్లు కూడా చెప్పినాడు" అని నా భార్య ఇంకా గట్టిగా చెప్పేది.

అయితే ఆ కోత నిలిచింది. చిటికెన వేలి కొస మొద్దుబారింది, చలికాలంలో మచ్చ పట్టేసేది, కానీ చేయి పరుచుకుంది. ఏటేటా తాంబూలం తీసుకున్నాను. తమ్ముడు పసుపు రాసుకోవడం మానేశాడు. ఒక జాతరలో నా పక్కకు వచ్చి, "అన్నా, బాగుండావా?" అని అడిగాడు కూడా. ఓడిపోయినవాడి మర్యాద చాలా హాయిగా ఉంటుంది.

తరువాత మళ్లీ మొదలైంది. ఉంగరపు వేలు ఆగిపోయింది. దానికి బుద్ధి వచ్చింది. చిటికెన వేలు మాత్రం మధ్య కణుపు దగ్గర వంగడం మొదలుపెట్టి, మెల్లగా అరచేతి వైపు తిరిగి, చివరికి ఎవరినో రమ్మని సైగ చేస్తున్నట్టు నిలిచిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయనకు జుట్టు పల్చబడింది, పొట్ట వచ్చింది, ఇప్పుడు "యాడ నొప్పి?" అని అడగడం నేర్చుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"చిటికెన వేలు మొండిదండి. ఈ కణుపు దగ్గర వంగితే మళ్లీ పూర్తిగా రావడం కష్టం. మూడోసారి కోస్తే మచ్చల్లోనే కోయాలి. రక్తనాళం తెగొచ్చు, స్పర్శ పోవచ్చు. ఉన్న చర్మం తీసేసి తొడ నుంచి చర్మం తెచ్చి అతకాలి. ఒక్కోసారి వేలే తీసేయాల్సి వస్తుంది."

"చేస్తే మళ్లీ రాదా?"

"రాదని రాసివ్వలేనండి. నేను తాడు తీయగలను, తాడు పేనే గుణం తీయలేను."

"జేజినాయన గుణం" అంది నా భార్య.

"ఇంతకీ ఆ వేలు వల్ల మీకు ఏం ఇబ్బందండి? పనులన్నీ చేసుకుంటున్నారు కదా."

 నా భార్య తాంబూలం సంగతి చెప్పింది. ఆయన విని, నవ్వకుండా, కలం మూసి బల్ల మీద పెట్టాడు. "ఆ పని కోసం నేను కోయనండి. మీరు కావాలంటే ఇంకొకరిని చూసుకోండి" అన్నాడు.

ఇంకొకరిని చూసుకోవడానికే సిద్ధపడ్డాను. తిరుపతిలో ఒకరున్నారన్నారు. వేలు తీసేసినా ఫరవాలేదనుకున్నాను. లేని వేలు వంగదు. నా భార్య నాతో మాట్లాడడం మానేసింది. రెండు పూటలు మానేసి, మూడో పూటకు, "తీసేయించుకో. తర్వాత ఉంగరపు వేలు వంగితే అదీ తీసేయించుకో. ఆఖర్న మణికట్టు మీద పెట్టించుకో తాంబూలం" అంది.

పోయేముందు పులివెందుల వెళ్లి అత్తకు చెప్పివద్దామనుకున్నాను. ఆమె మంచం మీద ఉంది. చెవులు దాదాపు మొత్తం పోయాయి. గట్టిగా అరిచి చెప్పాను.

"తాంబూలానికి వేలు కోయించుకుంటావా? ఎందుకు?"

"చేయి పరచాలి కదా అత్తా!"

"ఎవరు చెప్పిరి?"

"నియమం!"

"యాడి నియమంరా? మా నాయన జాతర తావుకే పోతాండ్లేదు. ఆయప్ప వేళ్లు రెండూ అరచేతికి అతుక్కోని ఉండె. పూజారి పల్లెంలో పెట్టి ఇంటికి పంపిస్తాండె తాంబూలాన్ని. మా అమ్మ తీసుకోని లోపల పెడ్తాండె. పల్లెం మోసేటోళ్లు పోయినాక, పెద్దిల్లు అమ్మినాక, మీ నాయనే గుడి కాడికి పోవాల్సి వచ్చె. పోయి అందరి మాదిరి చేయి చాపాల్సి వచ్చె. అప్పుడు పెట్టినాడు ఆ రూలు. చేయి పరిచి తీసుకుంటే అడుక్కున్నట్టు కాదంట." ఆమె నా మొహం చూసింది. "మీ నాయన మంచోడే. శానా కష్టపడినాడు ఆ మాట అందరి చేత ఒప్పించేదానికి."

 అత్త కూతురు ఇచ్చిన కాఫీ తాగి ప్రొద్దుటూరు బస్సెక్కాను. తిరుపతి వెళ్లలేదు.

జాతరకు వంగిన వేలితోనే వెళ్లాను. నా మెడ, నడుము తిన్నగానే ఉన్నాయి. మిగతాదానికి నేను పూచీ కాదు. పూజారి చిప్ప పట్టుకుని నా అరచేతిని చూసి ఆగాడు. తమ్ముడు వెనక నుంచి ముందుకు వచ్చాడు. పంచె కొత్తది.

"చేయి పరుచు అన్నా."

"ఇంతే పరుచుకుంటుంది."

"అట్లయితే జరుగు. రూలు మనదే కదా. పెదనాయన చెప్పిందే."

"మీ పెదనాయన రూలు పెట్టకముందు తాంబూలం పల్లెంలో ఇంటికి వచ్చేది" అన్నాను. "అత్తను అడుగు."

"అత్తకు చెవులు ఇనపడవు."

"నోరు పనిచేస్తుంది."

జనం నవ్వారు. వెనుక ఎవరో, "పెట్టు సామీ, పాపం అడుక్కుంటాండాడు" అన్నారు.  పూజారి నన్ను చూశాడు, తమ్ముడి చేతిని చూశాడు. ఆ చేయి తిన్నగా, చక్కగా, ఏ జబ్బూ లేకుండా ముందుకు వచ్చి నిలబడింది. ఇంకొక్క నిమిషంలో చిప్ప అందులోకి పోతుంది.

పూజారి పక్కన గుడి కమిటీవాళ్లు ఉన్నారు. గుడికి ప్రహరీ గోడ సగంలో ఆగిపోయిందని అప్పటికి రెండేళ్లుగా వాళ్లు కనబడిన ప్రతివాడికీ చెబుతున్నారు. నేను చేయి కిందికి దించి వాళ్ల వైపు తిరిగాను.

"మా ఇంటి హక్కు ఈ రోజుతో వదులుకుంటున్నా. తరువాతి ఇంటికి కాదు, గుడికి. వేలం వేయండి. వచ్చింది గోడకు పెట్టుకోండి."

"అన్నా!" అన్నాడు తమ్ముడు. "ఇది ఇంటి మర్యాద. బజార్లో అమ్ముతావా?"

"నువ్వూ పాడుకో. నీ వేళ్లు బాగున్నాయి కదా."

కమిటీ అధ్యక్షుడికి నా మాట అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది, మైకు పట్టుకోవడానికి ఒక్క క్షణం. తమ్ముడు మొదటి పాట పాడాడు. గొంతు బాగానే వచ్చింది. తరువాత పెంచాడు. ఇంకా పెంచాడు. వాడి భార్య వెనుక నుంచి చొక్కా పట్టుకుని లాగింది. మూడోసారి లాగినప్పుడు ఆగిపోయాడు.

నేను ఆఖరుదాకా ఉన్నాను. నడుము వంచకుండా నిలబడి చూశాను. మా ఇంటి మొదటి తాంబూలాన్ని ఆ ఏడు రాజుపాలెం వైపు కోళ్లఫారాలున్న ఒక ఆసామి వేలంలో కొనుక్కున్నాడు.